మైకులో చదివిన పేరు

తబిత చర్చిలోంచి లేచి వెళ్ళిపోయి ఆరు రోజులైంది.

ఆ రోజు స్త్రీల ఆదివారం. ధవళేశ్వరంలో చర్చి కిక్కిరిసి ఉంది. పాటల బృందంలో ముందు వరసలో, అందరికీ ఎదురుగా నిలబడి ఉంది తబిత. స్త్రీల సమాజం పెద్ద ప్రిస్కిల్లా గారు మైకు ముందుకొచ్చి ప్రార్థనాంశాల కాగితం విప్పారు. ఒకావిడ మోకాళ్ళ నొప్పులు చదివారు. ఒకాయన ట్రాన్స్‌ఫర్ చదివారు. ఆ తర్వాత అదే గొంతుతో, అదే ప్రేమతో, "మన సహోదరి దేవకుమారి గారి కుమార్తె తబిత, పదహారేళ్ళ బిడ్డ, నిద్రలో పక్క తడుపుతున్న బలహీనత నుంచి విడుదల పొందాలని" చదివారు. ఆ మైకు గోదారి గట్టు దాకా వినపడుతుంది. పిల్ల పాటల పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. బెంచీల మధ్యలోంచి నడిచి బయటికి వెళ్ళిపోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు. బస్సెక్కి, రైలెక్కి, సామర్లకోటలో మామ్మ ఇంటికి చేరింది.

ఆ సంగతి ప్రిస్కిల్లా గారి కాగితం మీదకి ఎక్కించింది పగవాళ్ళెవరూ కాదు. కన్నతల్లి దేవకుమారి.

ఇవాళ రెండో శనివారం. బడి లేదు. దేవకుమారి పొద్దున్నే రాజమండ్రి స్టేషన్లో ప్యాసింజరెక్కి కిటికీ పక్కన కూచుంది. ఒళ్ళో సంచి, సంచిలో పిల్ల చెప్పులు. ద్వారపూడి దాటింది, అనపర్తి దాటింది. పిల్లతో ఏం మాట్లాడాలో ఒక్క ముక్కా తోచలేదు. ప్రాథమిక పాఠశాలలో పద్దెనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి ఆవిడ. పరాయి పిల్లలు ముప్ఫై మందిని ఒక్క చూపుతో కూచోబెట్టగలదు.

మొగుడు రానన్నాడు. కాదు, రానని కూడా అనలేదు. విజయ్ పాల్ ఆరు రోజులుగా ఇంట్లో మాటే మాట్లాడలేదు.

కాలవల ఆఫీసులో సీనియర్ గుమస్తా విజయ్ పాల్. పిల్లని ఎప్పుడూ కొట్టలేదు. ఆ మాట తనే పదిమందిలో చెప్పుకుంటాడు. "మా నాన్నలాంటివాణ్ణి కాదండీ నేను. ఒక్క దెబ్బ వెయ్యలేదు" అంటాడు. నిజమే, వెయ్యలేదు. మార్కులు తగ్గితే మాట మానేస్తాడు, అంతే. కంచం ముందు కూచుని, ఎదురుగా ఉన్న కూతురికి వినపడేలా భార్యతో అంటాడు, "మీ అమ్మాయిని ఆ మంచినీళ్ళు ఇటు జరపమను." తొమ్మిదో తరగతిలో మూడు రోజులు అలా నడిపాడు. పదిలో పదకొండు రోజులు. ఇంటర్లో, అతను చెప్పిన ఎంపీసీయే తీసుకుని, మొదటి పరీక్షలో లెక్కలు పోగొట్టుకున్నందుకు ఇరవై ఆరు రోజులు. పదహారో రోజున తబిత మొదటిసారి పక్క తడిపింది.

ఇంట్లో తిరుగుతున్న పిల్లని లేనట్టు ఇరవై ఆరు రోజులు చూస్తే మన దగ్గర దాన్ని క్రమశిక్షణ అంటారు. వీధిలో వాళ్ళు మెచ్చుకుంటారు కూడా. "విజయ్ పాల్ గారు గొంతెత్తకుండానే పెంచేస్తారండీ" అంటారు. పిల్ల రోజురోజుకీ ఎలా ఎండిపోతోందో ఒక్కడికీ కనపడదు. కొడితే వాతలన్నా తేలతాయి.

దేవకుమారికి కనపడింది. ఓ తెల్లవారుజామున పెరట్లో బట్టల రాయి దగ్గర, ఎక్కడ చప్పుడవుతుందోనని దుప్పటి చేత్తో పిండుతున్న పిల్లని చూసింది. తబిత లేచి నిలబడి, తడిచేత్తోనే తల్లి చెయ్యి పట్టుకుని, "ఎవరికీ చెప్పకమ్మా" అంది. "చెప్పను తల్లీ" అంది దేవకుమారి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలనుకుంది. డాక్టరు చీటీ మీద రాస్తాడు, ఆ చీటీ ఎవరి కంటనో పడుతుంది, రేపు పెళ్ళి మాటలప్పుడు బయటికొస్తుంది అని ఆగిపోయింది. ఒక్క డాక్టరుకి తెలిస్తే పరువు పోతుందని వణికిన మనిషి, ఆ వారమే స్త్రీల సమాజంలో నలభై మందికి చెప్పింది. చెప్పానని ఆవిడ అనుకోలేదు. ప్రార్థనకి పెట్టాననుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంతే. జ్వరమొచ్చినా, అత్తతో మాట వచ్చినా, మొగుడు ముభావంగా ఉన్నా, ముందు అక్కడ పెట్టడం, ఆ తర్వాత ఇంటికొచ్చి వంట చేసుకోవడం. అక్కడ పెట్టింది బయటికి వెళ్ళినట్టు కాదని ఆవిడ నమ్మకం.

* * *

పాత రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో రెండు గదుల పెంకుటిల్లు పాపాయిది. విజయ్ పాల్ తల్లి ఆవిడ. ఎనభై దగ్గర పడింది. పాపాయి అని పేరు పెట్టినవాళ్ళు ఈ పిల్ల ఎప్పటికైనా ముసలిదవుతుందని అనుకోలేదు కాబోలు. అరుగు మీద కాళ్ళు బారజాపుకుని చేటలో బియ్యం ఏరుతోంది.

"ఒచ్చావా," అంది తలెత్తకుండా. "ఇంకా రాలేదేంటా అనుకుంటన్నాను. కూచో."

"అమ్మాయేది అత్తయ్యా?"

"లోపలుంది. వీధి మలుపులో నిన్ను సూసి తలుపేసుకుంది. తట్టకు. అదే తీస్తది."

దేవకుమారి కూచోలేదు. ఆవిడ కళ్ళు దండెం మీదికి వెళ్ళాయి. దండెం మీద రెండు జాకెట్లు, ఒక లంగా. అంతే.

"ఏంటెతుకుతున్నావు? తడి దుప్పటా?" పాపాయి రాయి ఒకటి ఏరి వీధిలోకి విసిరింది. "ఆదోరం తడిపింది, సోమోరం తడిపింది. మంగళోరం కాణ్ణుంచి లేదు."

దేవకుమారి అరుగు మీద కూచుంది. సంతోషించాల్సిన మాట. కానీ సంతోషించలేకపోయింది. తన ఇంట్లో రెండు నెలలు ఆగనిది, ఈ ముసలమ్మ ఇంట్లో రెండు రోజుల్లో ఆగింది.

"ఏం మందు ఇచ్చారత్తయ్యా?"

"మందేంటే నీ మొహం. పొద్దున్నే తడి దుప్పటి తీశాను, పొడిది ఏశాను. టీ ఇచ్చాను. ఏంటని అడగలేదు. అది వీణ్ణీ వాణ్ణీ తిడతా ఏడిస్తే విన్నాను. నాకిది కొత్త పనా? నీ మొగుడికి సేసిందే."

దేవకుమారికి వెంటనే అర్థం కాలేదు. "ఆయనకా?"

పాపాయి చేట పక్కన పెట్టింది. వీధి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆడికి అప్పుడు పదమూడేళ్ళు. మీ మామయ్య గ్యాంగుమాన్ కదా, పొద్దున్నే పట్టాల మీదకి ఎల్లేముందు పిల్లోడి పక్క తడిమి సూసేవోడు. తడిగా ఉందా, ఆ బొంత ఆడి నెత్తి మీద ఎట్టి, క్వార్టర్ల కుళాయి దాకా నడిపించేవోడు. కుళాయి కాడ బిందెలెట్టుకుని ఆడోళ్ళు, ఆడి బళ్ళో పిల్లలు. అందరూ ఉన్నారో లేదో సూసుకునే తీసుకెళ్ళేవోడు. ఆ బొంతలోది ఆడి మొహం మీదకి కారతా ఉండేది. తుడుసుకోడానికి లేదు, రెండు సేతులూ బొంతకే సరిపోయేవి."

"ఎన్నాళ్ళు?"

"ఓ ఎండాకాలమంతా. అప్పుడే మానేశాడు ఆడు మాటలు. కాళ్ళావేళ్ళా పడితే అన్నం కావాలి, పుస్తకం కావాలి అనేవోడు. ఇప్పటికీ పూర్తిగా రాలేదు ఆడికి మాటలు. నీకు తెలీదా, కాపరం సేస్తున్నావు."

"మరి ఎలా ఆగింది?"

"నేను మీ మామయ్యకన్నా ముందు లేవడం మొదలెట్టాను. తడి బొంత తీసి నా పక్కలో ఏసుకుని, నా పొడి బొంత ఆడి కింద తోసేదాన్ని. ఆయన తడిమితే పొడి. ఇలాగే కొన్నాళ్ళు జరిగింది. ఓ రోజు అనుమానమొచ్చి నాది తడిమాడు."

"అయ్యో!"

"నాదే అన్నాను. ఏం సెయ్యమంటావు? పడీ పడీ నవ్వాడు. పేటంతా సెప్పాడు. ఏం పాపాయీ, లంగోటీ కట్టమంటావా అని గ్యాంగోళ్ళు ఎగతాళి. సంవత్సరం నవ్వారు నన్ను సూసి. నవ్వుకోనీ. పిల్లోణ్ణి వదిలేశారు కదా. ఆర్నెల్లకి ఆడికి దానంతటదే ఆగిపోయింది."

పద్దెనిమిదేళ్ళ కాపురంలో దేవకుమారి ఈ ముసలమ్మని నోటిదురుసు మనిషనే అనుకుంది. పండక్కి చీర పెట్టి, దణ్ణం పెట్టి, వెళ్ళిపోయేది.

"ఆయన నాతో ఎప్పుడూ అనలేదత్తయ్యా."

"నాతోనూ అనలేదు. నేనూ అనలేదు. ఇన్నేళ్ళూ ఆడికి తెలుసు, నాకు తెలుసు. మా తోడబుట్టినోళ్ళకి తెలీదు, చర్చి అయ్యగారికి తెలీదు. ప్రార్థనలో కూడా నోటితో ఎత్తలేదు నేను. పైనున్నోడు సూస్తానే ఉన్నాడు కదా, మళ్ళీ నేను సెప్పేదేంటనుకున్నాను." పాపాయి కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు నీకెందుకు సెప్పానంటే, ఆడు పిల్లతో మాట మానేస్తాడే, అది పొగరు కాదు. అయ్యలాగా సెయ్యకూడదని ఒట్టేసుకున్నాడు. మరెలాగ సెయ్యాలో ఆడికెవరూ సూపించలేదు. ఇది నీ కడుపులో ఎట్టుకో. ఆడి ముందు ఎత్తకు, ఇంకోళ్ళ ముందు అసలే ఎత్తకు. ఎత్తావా, నా కొడుకు మనిషిగా మిగలడు."

అది తెలిసినందువల్ల ఆ ఇరవై ఆరు రోజులు తగ్గిపోవు. తండ్రి కొట్టాడు కాబట్టి నేను కొట్టను అని మీసం తిప్పేవాడు, కొట్టకుండా ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా చూసుకోవాలి. చూసుకోలేదు. పదమూడేళ్ళ పిల్లవాడి మీద దేవకుమారికి జాలి కలిగింది. నలభై తొమ్మిదేళ్ళ మొగుడి మీద కోపం మాత్రం చల్లారలేదు.

లోపల గొళ్ళెం తీసిన చప్పుడైంది.

* * *

తబిత మామ్మ పాత చీర చుట్టబెట్టుకుని మంచం మీద కూచుంది. మొహం కడిగి ఉంది. తల దువ్వి ఉంది. ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నట్టు తెలుస్తోంది. దేవకుమారి సంచిలోంచి చెప్పులు తీసి మంచం దగ్గర పెట్టింది.

"ఎవరికి చెప్పి వచ్చావు?" అంది తబిత. అదే మొదటి మాట.

"ఎవరికీ చెప్పలేదు తల్లీ."

"నిజంగా?"

"నిజంగా."

"ఎందుకు చెప్పావమ్మా వాళ్ళకి?"

"నువ్వు బాగుపడాలని. నాకు చేతకాలేదు. నాకు చేతకానివన్నీ అక్కడే పెడతాను. నాకు ఇంకో చోటు తెలీదమ్మలూ."

"అందరూ బానే చూశారమ్మా నన్ను. అదే బాధ." తబిత నోట్లోంచి అవి ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా వస్తున్నాయి. "ప్రిస్కిల్లా ఆంటీ ఓ బుధవారం నన్ను దగ్గరికి తీసుకుని పొట్ట మీద చెయ్యేసి ప్రార్థించింది. ఇదేంటి, నాకు పొట్టలో ఏముంది అనుకున్నాను. క్వయిర్ ప్రాక్టీసులో నేను కుర్చీలోంచి లేచాను. డోలక్ వాయించే శ్యాంబాబు లేడూ, వాడు నా కుర్చీ చూశాడు. నన్ను కాదు, కుర్చీని. వీడేంటి అనుకున్నాను. ప్రార్థన కూడిక తర్వాత అందరికీ గ్లాసు నిండా టీ, నాకు సగం. పోనీలే, చాల్లేదేమో అనుకున్నాను. ఆదివారం మైకులో వినపడగానే అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. నెలన్నర నుంచీ వాళ్ళందరికీ తెలుసు. తెలుసని నాకొక్కదానికే తెలీదు."

దేవకుమారి చేతులు జోడించింది. కూతురికి. "తప్పయిపోయింది తల్లీ."

"డాడీ నాతో మాట్లాడరు. నువ్వు నా గురించి అందరితో మాట్లాడతావు. మరి నాతో ఎవరు మాట్లాడతారు?"

దేవకుమారి చెప్పులు ఇంకాస్త ముందుకి జరిపింది.

"నేను ఇక్కడే ఉంటానమ్మా. ఇక్కడ గవర్నమెంటు కాలేజీ ఉంది. మామ్మ ఉండమంది."

"నువ్వు లేకపోతే నేను ఆ ఇంట్లో ఎలా ఉంటానే! ఇద్దరం మూగవాళ్ళం కూచుని అన్నం తింటున్నాం ఈ ఆరు రోజులూ. రా అమ్మలూ. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

తబిత చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నువ్వు ఒక్కటి దాచగలవా? ఒక్క సంగతి, ఎవరికీ చెప్పకుండా. మామ్మ డాడీ సంగతి నీకు చెప్పింది కదా ఇప్పుడు. తలుపు అవతలనించి విన్నాను. నాకు సోమవారమే చెప్పింది. అది దాచు చూద్దాం. దాస్తే నేను వస్తాను. ఎన్నాళ్ళకైనా వస్తాను."

"దాస్తాను. నీ మీదొట్టు."

"నా సంగతి కూడా చెప్పనన్నావు," అంది తబిత. కానీ ఆ మాట అంటూ కాళ్ళు కిందికి దించి, ఒక చెప్పులో వేళ్ళు పెట్టింది. అంత చాలనిపించింది దేవకుమారికి.

అప్పుడు సంచిలో ఫోను గుర్రుమంది. ఆగి మళ్ళీ గుర్రుమంది. దేవకుమారి తియ్యబోయేలోపు తబిత తీసింది. 'ఎస్తేరు ప్రార్థనా బృందం' తెరుచుకుంది. పొద్దున్న ఆరుంబావుకి దేవకుమారి పెట్టిన మాటలు: "సిస్టర్స్, అమ్మాయిని తీసుకురావడానికి సామర్లకోట వెళ్తున్నాను. దాని మనసు మెత్తబడేలా ప్రార్థించండి." కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. అన్నిటికన్నా కింద, ఇప్పుడే వచ్చిన ప్రిస్కిల్లా గారి మెసేజీ: "సిస్టర్, తబిత డాడీని కూడా ఒప్పించి తీసుకొస్తున్నాం. ఏడుగురం వ్యానులో ఉన్నాం. పెద్దాపురం దాటాం. అక్కడే చిన్న కూడిక పెట్టి బిడ్డని తీసుకెళ్దాం."

"అది చెప్పడం కాదమ్మా, అది..." అని దేవకుమారి మధ్యలోనే ఆగిపోయింది. తన మాట తనకే వినపడింది. పొద్దున స్టేషనుకి బయల్దేరేముందు, చెప్పులు సంచిలో పెట్టుకున్నంత మామూలుగా పెట్టింది ఆ మెసేజీ. పెట్టినట్టు గుర్తు కూడా లేదు.

తబిత ఏడవలేదు, అరవలేదు. ఫోను తల్లి చేతిలో పెట్టి, చెప్పులోంచి వేళ్ళు తీసేసింది.

"బయటికి వెళ్ళమ్మా."

దేవకుమారి వసారాలోకి వచ్చింది. వెనక గొళ్ళెం పడింది.

* * *

వ్యాను వీధిలో పట్టక మలుపులోనే ఆగింది. ప్రిస్కిల్లా గారు ముందు దిగారు, చేతిలో కంజిర. వెనకాల తెల్లచీరల్లో ఐదుగురు. వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చారు. పిట్టగోడలెక్కి పిల్లలు చూస్తున్నారు.

"వందనాలు సిస్టర్! బిడ్డ లోపలుందా?" ప్రిస్కిల్లా గారి కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. చెడ్డ మనిషి కాదు ఆవిడ. చెడ్డదైతే దేవకుమారికి పని తేలికయ్యేది.

దేవకుమారి మూసిన తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "లోపలికి రావద్దండీ."

"అదేంటి సిస్టర్, నువ్వేగా ప్రార్థించమన్నావు?"

"నేనేనండి. నేనే తప్పు చేశాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళిపోండి. దాని పేరు ఇంక ఎక్కడా ఎత్తకండి."

ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. వాళ్ళని తప్పించుకుని విజయ్ పాల్ ముందుకొచ్చాడు. ఆఫీసుకి వెళ్ళినట్టే ఇస్త్రీ చొక్కా. చెమటకి వీపు తడిసింది. తల్లి వైపు చూడలేదు. భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అడ్డు లే."

ఆరు రోజుల తర్వాత వచ్చిన మాట.

"లేవనండి."

"చర్చి మొత్తం ముందు తలెత్తుకోలేకుండా చేసింది." గొంతు పెద్దది చెయ్యలేదు. ఎప్పుడూ చెయ్యడు. కానీ ప్రతి అక్షరం వీధి చివరి దాకా వెళ్ళింది. "ఇప్పుడే వచ్చి వ్యానెక్కమను. ఎక్కకపోతే నాకు కూతురు లేదనుకుంటాను. బతికున్నంత కాలం దాంతో మాట్లాడను, దాని మొహం చూడను. పదహారేళ్ళు! ఆ వయసులో, మనిషి పుట్టుక పుట్టినవాళ్ళెవరైనా చేసే పనేనా అది? ఎవరైనా చేశారా? చెప్పు."

పాపాయి చేతిలో చేట వంగి, ఏరిన బియ్యం అరుగు మీద ఒలికిపోయాయి. ఆవిడ ఏరుకోలేదు. కోడలి మొహం వైపే చూస్తోంది.

ఒక్క మాట చాలు. ఒక్క మాట అంటే ఈ మనిషి ఇక్కడే కూలిపోతాడు. వ్యాను వెనక్కి తిరుగుతుంది. పిల్లని జీవితంలో ఇంకెవ్వరూ వేలెత్తి చూపించరు. ఆ మాట దేవకుమారి నాలుక చివరికి వచ్చి నిలబడింది. తను అనకపోతే అతను ఇప్పుడే, ఈ క్షణమే, కూతుర్ని తెంచుకుని వెళ్ళిపోతాడు. అన్నంత పనీ చేసే మనిషి.

"చెప్పు," అన్నాడు విజయ్ పాల్ మళ్ళీ. "నీ నోట ఏదీ దాగదు కదా!"

తెల్లచీరలు ఆరూ ఆవిడ వైపే చూస్తున్నాయి. వీధి చూస్తోంది. వీపు వెనక, తలుపుకి అవతలి వైపు, పిల్ల ఊపిరి వినపడుతోంది. చెవి చెక్కకి ఆనించి ఉంది.

దేవకుమారి నోరు తెరిచింది.